పిండిపదార్థాలు, చక్కెర, శరీర బరువు

ఆహారంలో శక్తినిచ్చే మూడు ప్రధాన పోషకాల్లో పిండిపదార్థాలు ఒకటి. మాంసకృత్తులు, కొవ్వులు మిగతా రెండు. కార్బన్, హైడ్రోజన్, ఆక్సిజన్ పరమాణువులతో ఏర్పడే ఈ పదార్థాలను శాస్త్ర పరిభాషలో కార్బోహైడ్రేట్లు అంటారు. అన్నం, రొట్టె, ఇడ్లీ, బంగాళాదుంప, అరటిపండు, పాలు, బెల్లం అన్నిటిలోనూ ఇవి ఉంటాయి. ఒంట్లోకి వెళ్లాక పీచు తప్ప మిగతావన్నీ చిన్న చిన్న చక్కెర అణువులుగా విడిపోతాయి. వాటిలో సింహభాగం గ్లూకోజ్. అన్నం తిన్నా పంచదార తిన్నా రక్తంలో తేలేది గ్లూకోజే కాబట్టి లావుకు మూలం అన్నమేనని ఒక వాదం. కేలరీల లెక్క సరిపోతే చాలు, ఏం తిన్నా ఒకటేనని ఇంకో వాదం. రెండింటిలోనూ కొంత నిజముంది. పిండి చక్కెరగా మారడం రోగం కాదు, జీర్ణక్రియ రోజూ చేసే మామూలు పని. ఎంత తిన్నాం, అది ఎంత వేగంగా మారింది, మారినదాన్ని దాచుకోవడానికి ఒంట్లో ఎంత చోటుంది అన్న మూడింటి దగ్గరే బరువు సంగతి తేలుతుంది.

రకాలు

అన్నిటికన్నా చిన్నవి ఒంటరి చక్కెరలు: గ్లూకోజ్, ఫ్రక్టోజ్, గెలాక్టోజ్. ఇవి రెండేసి కలిస్తే జంట చక్కెరలు ఏర్పడతాయి. గ్లూకోజ్, ఫ్రక్టోజ్ కలిస్తే కాఫీలో వేసుకునే పంచదార, అంటే సుక్రోజ్. గ్లూకోజ్, గెలాక్టోజ్ కలిస్తే పాలలోని లాక్టోజ్. రెండు గ్లూకోజ్‌లు కలిస్తే మాల్టోజ్. వందలు, వేల గ్లూకోజ్ అణువులు ముడిపడితే స్టార్చ్ అవుతుంది. ధాన్యాలు, దుంపలు తమ శక్తిని దాచుకునేది ఈ రూపంలోనే.

స్టార్చ్‌లో రెండు రకాల గొలుసులున్నాయి. అమైలోజ్ దాదాపు కొమ్మలు లేని పొడవాటి గొలుసు. అమైలోపెక్టిన్ నిండా కొమ్మలే. మామూలు ధాన్యాల్లో అమైలోపెక్టిన్ 70 నుంచి 80 శాతం, మిగతాది అమైలోజ్. అమైలోజ్ గొలుసులు ఒకదానికొకటి అతుక్కుని గట్టిగా సర్దుకుంటాయి కాబట్టి అరగడానికి సమయం పడుతుంది. అమైలోపెక్టిన్‌లోకి నీరూ ఎంజైములూ సులువుగా చొరబడతాయి. అన్నం పొడిపొడిగా ఉండటానికీ ముద్దగా అతుక్కోవడానికీ మధ్య తేడా చాలావరకు ఈ రెండింటి పాళ్లలోనే ఉంది.

కూరగాయల పీచులో ఉండే సెల్యులోజ్ కూడా గ్లూకోజ్ గొలుసే. కాకపోతే ముడి వేసిన తీరు వేరు. ఆ ముడి విప్పే ఎంజైము మనిషికి లేదు. అందుకే గడ్డి తిని ఆవు బలుస్తుంది, మనం బలవం. ఆవుకైనా ఆ పని చేసిపెట్టేది దాని పొట్టలోని సూక్ష్మజీవులే.

బెల్లం గురించి ఒక మాట. అందులో కొద్దిగా ఖనిజాలున్న మాట నిజమే అయినా, దాని బరువులో నూటికి 85 వంతుల దాకా చక్కెరలే. బరువు తగ్గాలనుకునేవారు పంచదార మానేసి బెల్లానికి మారితే రంగు మారుతుంది తప్ప లెక్క పెద్దగా మారదు.

నోటి నుంచి రక్తం దాకా

పిండి చక్కెరగా మారడానికి రంగం పొయ్యి మీదే సిద్ధమవుతుంది. ఉడకని బియ్యపు గింజలో స్టార్చ్ గట్టి రేణువులుగా బిగిసి ఉంటుంది. నీళ్లలో వేడెక్కి సుమారు 60 నుంచి 80 డిగ్రీల సెల్సియస్ మధ్యకు వచ్చేసరికి ఆ రేణువులు నీరు పీల్చుకుని ఉబ్బి విచ్చుకుంటాయి. అలా విచ్చుకున్న స్టార్చ్ మీదే మన ఎంజైములు సుఖంగా పనిచేయగలవు. మెత్తగా ఉడికిన అన్నం, పలుకుగా ఉన్న అన్నం కన్నా త్వరగా అరగడానికి కారణం ఇదే.

నోట్లో లాలాజలంలోని అమైలేజ్ అనే ఎంజైము మొదటి కోత మొదలుపెడుతుంది. కూరా పప్పూ కలపని వట్టి అన్నం ముద్దను మింగకుండా నిమిషం, రెండు నిమిషాలు నమిలితే నాలుకకు సన్నని తీపి తెలుస్తుంది. బడిలో చేయించే అయోడిన్ పరీక్ష కూడా ఇదే చూపిస్తుంది. గంజిలో చుక్క అయోడిన్ వేస్తే ముదురు నీలం రంగు వస్తుంది. అదే గంజిలో లాలాజలం కలిపి గోరువెచ్చగా కాసేపు ఉంచితే, ఆ తర్వాత అయోడిన్ వేసినా నీలం రాదు. గొలుసులు అప్పటికే తెగిపోయి ఉంటాయి.

పొట్టలోకి వెళ్లాక అక్కడి ఆమ్లం నోటి అమైలేజ్‌ను చాలావరకు అణచివేస్తుంది. అసలు పని చిన్నపేగు మొదటి భాగంలో జరుగుతుంది. క్లోమ గ్రంథి నుంచి వచ్చే అమైలేజ్ స్టార్చ్‌ను రెండు మూడు గ్లూకోజ్‌ల చిన్న ముక్కలుగా కోస్తుంది. పేగు గోడ మీద అంటుకుని ఉండే మాల్టేజ్, సుక్రేజ్, లాక్టేజ్ వంటి ఎంజైములు ఆ ముక్కలనూ జంట చక్కెరలనూ ఒంటరి చక్కెరలుగా విడగొడతాయి. పెద్దయ్యాక లాక్టేజ్ తగ్గిపోయినవారికి పాలు పడకపోవడం ఈ మెట్టు దగ్గర వచ్చే ఇబ్బందే.

ముడి తెగిన ప్రతిచోటా ఒక నీటి అణువు వచ్చి చేరుతుంది. అందువల్ల 100 గ్రాముల స్టార్చ్ పూర్తిగా అరిగితే వచ్చే గ్లూకోజ్ 100 గ్రాములు కాదు, సుమారు 111 గ్రాములు.

విడిపోయిన గ్లూకోజ్ పేగు గోడ దాటడానికి సోడియం తోడు కావాలి. ఎస్‌జీఎల్‌టీ1 అనే ప్రొటీను ఉప్పులోని సోడియాన్నీ గ్లూకోజ్‌నూ జంటగా లోపలికి లాగుతుంది, వాటి వెంటే నీరూ వెళ్తుంది. ఈ జంట ప్రయాణాన్ని రాబర్ట్ క్రేన్ 1960లో ప్రతిపాదించారు. విరేచనాలప్పుడు తాగించే ఓఆర్ఎస్ నీళ్లలో ఉప్పుతోపాటు గ్లూకోజ్ తప్పనిసరి కావడానికి ఆధారం ఇదే. 1971లో బంగ్లాదేశ్ శరణార్థులున్న బనగావ్‌లో కలరా ప్రబలినప్పుడు దిలీప్ మహలనబిస్ బృందం ఈ ద్రావణంతోనే ఎన్నో ప్రాణాలు కాపాడింది. ఫ్రక్టోజ్‌కు మాత్రం వేరే ద్వారం ఉంది, దానికి సోడియంతో పని లేదు.

స్టార్చ్ చక్కెరగా మారుతుందన్న సంగతి ప్రయోగశాలలో బయటపడింది 19వ శతాబ్దపు తొలినాళ్లలో. 1811లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో కిర్కాఫ్ అనే రసాయన శాస్త్రవేత్త స్టార్చ్‌ను పలచని సల్ఫ్యూరిక్ ఆమ్లంతో కాచి తియ్యటి పానకం రాబట్టాడు. 1833లో పారిస్‌లో పాయెన్, పెర్సో మొలకెత్తిన బార్లీ నుంచి ఇదే పని చేసే పదార్థాన్ని వేరుచేసి డయాస్టేజ్ అని పేరు పెట్టారు. ఎంజైముల చరిత్ర దాంతోనే మొదలవుతుంది. మన ఇళ్లలో రాగులు నానబెట్టి, మొలకలొచ్చాక ఎండబెట్టి విసిరించుకునే పిండితో కాచిన జావ మామూలు రాగిజావ కన్నా పలచగా, కాస్త తియ్యగా ఉండటానికి కారణం కూడా మొలకలో పుట్టే అమైలేజే. పసిపిల్లలకు అది తేలిగ్గా అరుగుతుంది. షుగర్ ఉన్నవారి విషయంలో ఆ తేలికే ఇబ్బంది తెస్తుంది.

రక్తంలోకి చేరాక

పేగుల నుంచి వచ్చే రక్తం ముందుగా కాలేయానికి వెళ్తుంది. ఫ్రక్టోజ్, గెలాక్టోజ్‌లలో ఎక్కువ భాగాన్ని కాలేయం అక్కడే పట్టేస్తుంది. గ్లూకోజ్‌లో కొంత ఆపుకుని మిగతాది ఒళ్లంతటికీ వదులుతుంది.

ఆరోగ్యవంతుడి ఒంట్లో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది. పరగడుపున అందులో డెసిలీటరుకు 70 నుంచి 99 మిల్లీగ్రాముల గ్లూకోజ్ ఉండాలి. అంటే రక్తం మొత్తంలో ఉండేది 5 గ్రాముల లోపే, మహా అయితే ఒక టీస్పూను చక్కెరంత. ఇప్పుడు కంచం సంగతి చూద్దాం. మధ్యాహ్నం భోజనంలో 150 గ్రాముల బియ్యం వండుకుని తినేవారు మన దగ్గర ఎక్కువగానే ఉన్నారు. పాలిష్ బియ్యంలో 100 గ్రాములకు 78 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది కాబట్టి అది 117 గ్రాములు. అరిగితే దాదాపు 130 గ్రాముల గ్లూకోజ్. టీస్పూనుకు మించకూడని చోటికి రెండు మూడు గంటల్లో ఇరవై అయిదుకు పైగా టీస్పూన్లు వచ్చి పడుతున్నాయన్నమాట. అయినా ఆరోగ్యవంతుల్లో రక్తంలోని చక్కెర సాధారణంగా 140 దాటకుండా మళ్లీ కిందికి దిగుతుంది. ఈ పని ఇన్సులిన్‌ది.

క్లోమ గ్రంథిలోని బీటా కణాలు విడుదల చేసే ఈ హార్మోనును 1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్ వెలికితీశారు. గ్లూకోజ్ పెరగ్గానే ఇన్సులిన్ వచ్చి కండరాలు, కొవ్వు కణాల తలుపులు తెరుస్తుంది. గ్లూకోజ్ తయారీ తగ్గించి దాచడం మొదలుపెట్టమని కాలేయానికి చెబుతుంది. ఉన్న కొవ్వును కరిగించి రక్తంలోకి వదలొద్దని కొవ్వు కణాలను ఆపుతుంది. బరువు తగ్గడం మీద నడిచే వాదాలన్నీ ఈ చివరి పని చుట్టూనే తిరుగుతాయి. కండరాలకు ఇంకో దారి కూడా ఉంది. నడుస్తున్నప్పుడు, బరువులు మోస్తున్నప్పుడు అవి ఇన్సులిన్ కోసం ఎదురుచూడకుండానే గ్లూకోజ్‌ను లాక్కుంటాయి. భోజనం తర్వాత పావుగంట నడిచినా చక్కెర తక్కువగా పెరగడానికి కారణం అదే.

లోపలికి వెళ్లిన గ్లూకోజ్‌లో కొంత వెంటనే ఖర్చవుతుంది. మెదడు ఒక్కటే రోజుకు 120 గ్రాముల దాకా వాడుకుంటుంది. ఎర్రరక్త కణాలకైతే గ్లూకోజ్ తప్ప వేరే ఇంధనం లేదు. కణంలో గ్లూకోజ్ నుంచి వచ్చే శక్తి చివరికి ఏటీపీ అనే అణువు రూపంలో చేతికందుతుంది. 1929లో ఏటీపీని కనుగొన్నవారిలో జర్మనీలో లోమన్‌తోపాటు, హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి విడిగా కనుగొన్న యల్లాప్రగడ సుబ్బారావు ఉన్నారు. ఆయన పుట్టింది భీమవరంలో.

ఖర్చవగా మిగిలిన గ్లూకోజ్ గ్లైకోజెన్ రూపంలో నిల్వ ఉంటుంది. జంతువుల స్టార్చ్ అనదగ్గ దీన్ని కాలేయం నుంచి వేరుచేసి చూపినవాడు ఫ్రెంచి శాస్త్రవేత్త క్లాడ్ బెర్నార్డ్, 1857లో. పెద్దవారి కాలేయంలో సుమారు 100 గ్రాములు, కండరాలన్నిటిలో కలిపి సుమారు 400 గ్రాములు పడుతుంది. కాలేయంలోది ఒంటికంతటికీ పంచుకునే నిల్వ. కండరంలోది ఆ కండరానికే సొంతం, పనిచేస్తే తప్ప ఖాళీ కాదు. రోజంతా కుర్చీలో కూర్చుని మూడు పూటలా కడుపునిండా అన్నం తినేవారికి ఈ గది ఎప్పుడూ నిండే ఉంటుంది. కొత్తగా వచ్చినదాన్ని ఎక్కడ పెట్టాలో ఒంటికి తెలియని పరిస్థితి అది.

అప్పుడు కాలేయం గ్లూకోజ్‌ను కొవ్వుగా మారుస్తుంది. కానీ ఆరోగ్యవంతులు మామూలు తిండి తింటున్నప్పుడు ఇలా నేరుగా తయారయ్యే కొవ్వు రోజుకు కొద్ది గ్రాములే. లావు అసలు దారి ఇంకొకటి. పిండిపదార్థాలు ఎక్కువగా వస్తున్నంతసేపు ఒళ్లు వాటినే ముందు తగలేస్తుంది. అదే భోజనంలో వచ్చిన నూనె, నెయ్యి ఖర్చుకాక తిన్నగా కొవ్వు కణాల్లోకి చేరతాయి. పూరీ, బిర్యానీ, మిర్చి బజ్జీ వంటివి బరువు పెంచడంలో సిద్ధహస్తులు కావడానికి పిండీ నూనే ఒకే కంచంలో కలవడమే కారణం. ఇన్సులిన్‌కు ఒళ్లు సరిగా స్పందించనివారిలో, తీపి పానీయాల ద్వారా ఫ్రక్టోజ్ ఎక్కువగా తీసుకునేవారిలో మాత్రం కాలేయంలో కొత్త కొవ్వు తయారీ చెప్పుకోదగ్గంతగా పెరుగుతుంది. రక్తంలో ట్రైగ్లిజరైడ్లు పెరగడం, కాలేయానికి కొవ్వు పట్టడం దాని ఫలితాలే.

వేగం లెక్క

ఏ ఆహారం రక్తంలో చక్కెరను ఎంత త్వరగా పెంచుతుందో కొలిచే పద్ధతిని 1981లో టొరంటో విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ జెంకిన్స్ బృందం ప్రతిపాదించింది. గ్లూకోజ్‌ను 100గా తీసుకుని మిగతా ఆహారాలకు అంకెలు ఇస్తారు. 55, అంతకు లోపు ఉంటే తక్కువ, 70, ఆపైన ఉంటే ఎక్కువ. గ్లైసీమిక్ ఇండెక్స్ అనే ఈ కొలమానంలో శనగలు, పెసలు వంటి పప్పుధాన్యాలు అడుగున ఉంటాయి. అన్నానికి స్థిరమైన చోటు లేదు. వరి రకం, పాలిష్, వండిన తీరును బట్టి 50 దరి నుంచి 90 దాకా ఎక్కడైనా ఉండవచ్చు.

ఈ విషయంలో తెలుగునేల మీద చేసిన పరిశోధన చెప్పుకోదగ్గది. 1986లో బాపట్ల నుంచి విడుదలైన బీపీటీ 5204, అంటే సాంబ మసూరి, రుచికి పేరుపొందింది. హైదరాబాదులోని సీసీఎంబీ, వరి పరిశోధన సంస్థ కలిసి ఎండాకు తెగులును తట్టుకునేలా దాన్ని మెరుగుపరిచాయి. ఆ మెరుగైన సాంబ మసూరిని, రాజేంద్రనగర్‌లో రూపొందిన తెలంగాణ సోనా, అంటే ఆర్ఎన్ఆర్ 15048ని పరీక్షించినప్పుడు గ్లైసీమిక్ ఇండెక్స్ 51, 52 దగ్గర తేలింది. దాంతో షుగర్ బియ్యం అన్న పేరుతో ఇవి అమ్ముడవుతున్నాయి.

ఆ పేరు చూసి ఒక ముద్ద ఎక్కువ తింటే ఫలితం పోతుంది. వేగాన్నీ పరిమాణాన్నీ కలిపి చూసే గ్లైసీమిక్ లోడ్ లెక్క ఈ సంగతి తేటగా చూపిస్తుంది. ఇండెక్స్‌ను పిండిపదార్థం గ్రాములతో గుణించి 100తో భాగించాలి. ఇండెక్స్ 52 ఉన్న బియ్యం 150 గ్రాములు తింటే లోడ్ 61. ఇండెక్స్ 72 ఉన్న మామూలు బియ్యం 100 గ్రాములే తింటే 56. అంటే మంచి రకం వెతకడం కన్నా మారు వడ్డించుకోకపోవడమే ఎక్కువ పని చేసింది. రెండూ చేస్తే మరీ మంచిది.

చపాతీ మహిమ కూడా చాలావరకు ఇలాంటిదే. గోధుమపిండిలో పీచు పాలిష్ బియ్యం కన్నా బాగా ఎక్కువ, ఆ మేరకు లాభం ఉంది. ఇండెక్స్‌లో మాత్రం చపాతీకీ అన్నానికీ జనం అనుకునేంత దూరం లేదు. 30 గ్రాముల పిండితో చేసిన చపాతీలో పిండిపదార్థం 20 గ్రాముల లోపే. మూడు తింటే 60. అన్నం కంచంలో 117. రాత్రిపూట చపాతీకి మారి బరువు తగ్గినవారిని కాపాడింది గోధుమ కాదు, లెక్క. చపాతీలు ఎన్ని తిన్నామో లెక్కపెట్టుకుంటాం. అన్నాన్ని ఎవరూ లెక్కపెట్టరు.

సిరిధాన్యాలకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. కొర్రలు, అరికెలు, సామలు, ఊదల్లో పీచు ఎక్కువ, గింజగా వండుకున్నప్పుడు నెమ్మదిగా అరుగుతాయి. వాటినే మెత్తటి పిండి పట్టించి జావ కాస్తేనో, ఇడ్లీ రవ్వ చేస్తేనో ఆ మేలులో చాలా భాగం మరలోనే పోతుంది. ధాన్యం ఏదైనా రేణువు చిన్నదయ్యేకొద్దీ ఎంజైములకు దొరికే ఉపరితలం పెరుగుతుంది.

ఇటీవల చద్దన్నానికి పెద్దపీట వేస్తున్నారు. ఉడికిన స్టార్చ్ చల్లారినప్పుడు కొన్ని గొలుసులు మళ్లీ బిగుసుకుని ఎంజైములకు లొంగని రూపంలోకి వెళ్తాయి. అలాంటి స్టార్చ్ చిన్నపేగు దాటి పెద్దపేగుకు చేరి అక్కడి సూక్ష్మజీవులకు ఆహారమవుతుంది. మార్పు నిజమే, కానీ ఎంత? 2015లో ఇండోనేషియా పరిశోధకులు ప్రచురించిన కొలతల ప్రకారం 100 గ్రాముల వేడి అన్నంలో ఇలా లొంగని స్టార్చ్ 0.64 గ్రాములు. ఫ్రిజ్‌లో 24 గంటలు ఉంచి మళ్లీ వేడిచేసిన అన్నంలో 1.65 గ్రాములు. అంత అన్నంలో పాతిక గ్రాములకు పైగా పిండిపదార్థం ఉంటుందని గుర్తుంచుకుంటే పెరిగింది ఒక్క గ్రామేనని తెలుస్తుంది. చక్కెర పెరిగే తీరులో కొంత తేడా కనిపించింది, బరువు తగ్గించేంత ఆధారం మాత్రం అందులో లేదు. పెరుగు కలిపి ఉల్లిపాయ నంజుకుని చద్దన్నం తినడానికి రుచి చాలు, వేరే సాకు అక్కర్లేదు. బయట ఎక్కువసేపు వదిలేసిన అన్నంలో వాంతులు తెచ్చే బ్యాక్టీరియా పెరుగుతుంది కాబట్టి ఎండాకాలంలో జాగ్రత్త అవసరం.

వీటన్నిటికన్నా నమ్మదగ్గది కంచంలో తినే వరస. కూర, పప్పు, గుడ్డు, చేప వంటివి ముందు తిని అన్నం చివర తింటే, అదే భోజనానికి చక్కెర తక్కువ ఎత్తుకు పెరుగుతుందని పరీక్షల్లో తేలింది. పీచు, మాంసకృత్తులు, కొవ్వు కలిసి పొట్ట ఖాళీ అయ్యే వేగాన్ని తగ్గిస్తాయి.

బరువు తగ్గడం

పిండిపదార్థాలు మానేసిన మొదటి వారంలో కాటా ముల్లు రెండు కిలోలు దిగడం మామూలే. అది కొవ్వు కాదు. గ్లైకోజెన్ ప్రతి గ్రాముకూ దాదాపు 3 గ్రాముల నీటిని పట్టుకుని ఉంటుంది. 500 గ్రాముల నిల్వ ఖాళీ అయితే దాంతోపాటు లీటరున్నర నీరు పోతుంది. పండక్కి రెండు రోజులు బూరెలూ పులిహోరా తినగానే ఆ రెండు కిలోలూ తిరిగి వస్తాయి. పోయిందీ వచ్చిందీ చాలావరకు నీరే కాబట్టి ఆ రెండు రోజులకు కుంగిపోవాల్సింది లేదు, ఆ మొదటి వారానికి పొంగిపోవాల్సిందీ లేదు. ఒక కిలో ఒంటి కొవ్వులో సుమారు 7,700 కేలరీలు ఉంటాయి. రోజుకు 500 కేలరీలు తగ్గించి తింటే అది కరగడానికి రెండు వారాలు పడుతుంది. బరువు తగ్గేకొద్దీ ఒంటి ఖర్చు కూడా తగ్గుతుంది కాబట్టి నెలలు గడిచేకొద్దీ ఈ లెక్క ఇంకా నెమ్మదిస్తుంది.

పిండి తగ్గించి బరువు తగ్గే ఉపాయం కొత్తది కాదు. 1863లో లండన్‌లో విలియం బాంటింగ్ అనే వ్యాపారి రొట్టె, చక్కెర, బంగాళాదుంప, బీరు మానేసి 20 కిలోలకు పైగా తగ్గానని ఒక చిన్న పుస్తకం వేశాడు. ఇన్సులిన్ కనుగొన్న బాంటింగ్ వేరు. 1972లో అమెరికా వైద్యుడు రాబర్ట్ ఆట్కిన్స్ అదే బాటను మళ్లీ జనంలోకి తెచ్చాడు. పిండిని దాదాపు పూర్తిగా ఎత్తేసి కొవ్వు మీద నడిపే కీటోజెనిక్ ఆహారం మాత్రం 1921లో మూర్ఛవ్యాధి చికిత్సగా పుట్టింది. అందులో కాలేయం కొవ్వు నుంచి కీటోన్లు తయారుచేసి మెదడుకు అందిస్తుంది. తెలుగువారికి ఈ పద్ధతి ఇంటింటి మాట అయింది వీరమాచనేని రామకృష్ణ ప్రచారంతో. అంతకు ముందే ఉప్పు, నూనె లేని వంటలతో మంతెన సత్యనారాయణరాజు చెప్పిన దారికీ ఎందరో అభిమానులున్నారు. ఒకరు కొవ్వును పెట్టుబడిగా పెట్టమంటే, ఇంకొకరు చుక్క నూనె వద్దంటారు. రెండు దారుల్లోనూ బరువు తగ్గినవారు కనబడుతూనే ఉంటారు. పైకి విరుద్ధంగా ఉన్నా రెండింటిలోనూ ఉమ్మడిగా మాయమైనవి స్వీట్లు, బిస్కెట్లు, వేపుడు చిరుతిళ్లు, పూరీలు.

ఇన్సులిన్ వాదం ప్రకారం పిండి ఎక్కువ తింటే ఇన్సులిన్ పెరిగి కొవ్వు కణాలకు తాళం పడుతుంది, ఆకలి పెరుగుతుంది, లావు వస్తుంది. హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ లుడ్విగ్ దీనికి గట్టి సమర్థకుడు. వినడానికి సబబుగా ఉన్నా పరీక్షకు పెట్టినప్పుడు ఈ వాదం పూర్తిగా నిలబడలేదు. స్టాన్‌ఫర్డ్‌లో క్రిస్టఫర్ గార్డ్‌నర్ బృందం 609 మందిని రెండు జట్లు చేసి ఏడాదిపాటు ఒక జట్టుకు కొవ్వు, రెండో జట్టుకు పిండి తగ్గించింది. 2018లో వెలువడిన ఫలితం ప్రకారం కొవ్వు తగ్గించినవారు సగటున 5.3 కిలోలు, పిండి తగ్గించినవారు 6 కిలోలు తగ్గారు. ఆ తేడా లెక్కలోకి తీసుకోదగ్గది కాదు. ఎవరి ఒంట్లో ఇన్సులిన్ ఎంత ఊరుతుందన్నదాన్ని బట్టి ఎవరికి ఏ ఆహారం నప్పుతుందో చెప్పడమూ కుదరలేదు. ఒకే జట్టులోనే కొందరు బాగా తగ్గారు, కొందరు పెరిగారు.

అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో కెవిన్ హాల్ చేసిన ప్రయోగాలు ఇంకాస్త లోతుకు తీసుకెళ్తాయి. 20 మందిని ఆస్పత్రిలోనే ఉంచి రెండు వారాలు కర్మాగారాల్లో తయారైన తిండి, రెండు వారాలు ఇంటివంట వంటి తిండి పెట్టారు. వడ్డించిన దాంట్లో కేలరీలు, పిండి, చక్కెర, కొవ్వు, పీచు సమానంగానే ఉంచి, ఎంత తినాలో వారికే వదిలేశారు. కర్మాగారం తిండి దొరికిన రోజుల్లో రోజుకు 500 కేలరీలు ఎక్కువ తిని 0.9 కిలోలు పెరిగారు, రెండో దాంట్లో అంతే తగ్గారు. 2021లో వచ్చిన మరో ప్రయోగంలో, పిండి ఎక్కువ, కొవ్వు తక్కువ ఉన్న శాకాహారం తిన్నప్పుడు ఇన్సులిన్ బాగా పెరిగినా, కీటో ఆహారం తిన్నప్పటికన్నా రోజుకు 689 కేలరీలు తక్కువే తిన్నారు. చక్కెర మీదా ఇన్సులిన్ మీదా మాత్రమే నేరం మోపడానికి వీల్లేదని దీన్నిబట్టి అర్థమవుతుంది. ఒక తిండి ఎంతసేపు ఆకలి ఆపుతుంది, ఎంత త్వరగా గొంతు దిగుతుంది, గ్రాముకు ఎన్ని కేలరీలు మోస్తుంది అన్నవే మొత్తం లెక్కను తేలుస్తున్నాయి. పెసరట్టు తిన్నవారికి మధ్యాహ్నం దాకా ఆకలి వేయదు. అన్నే కేలరీల బిస్కెట్లు టీలో ముంచుకుని తింటే గంటలో మళ్లీ డబ్బా మూత తీస్తాం.

అయినా మన దగ్గర పిండి తగ్గించమన్న సలహా మామూలుగా సరైనదే అవుతోంది. కారణం మన కంచమే. దేశవ్యాప్తంగా జరిగిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనంలో భారతీయులు తినే కేలరీల్లో 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తున్నట్టు తేలింది. అన్నిటికన్నా తేలిగ్గా కోత పెట్టగలిగింది అక్కడే. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాలు ధాన్యాల వాటాను 45 శాతానికి మించనివ్వొద్దన్నాయి. రోజుకు 2,000 కేలరీలు తినేవారికి 250 గ్రాముల ధాన్యం, 400 గ్రాముల కూరగాయలు చెప్పాయి. 1918లో కూనూరులో బెరిబెరి పరిశోధనకు పుట్టి, 1958లో హైదరాబాదుకు వచ్చిన సంస్థ అది. బెరిబెరి కూడా పాలిష్ బియ్యం తెచ్చిపెట్టిన జబ్బే కావడం గమనించాల్సిన విషయం. తౌడుతోపాటు పోయిన బి1 విటమిన్ లోపం వల్ల అది వచ్చేది.

మన ఒంటి తీరు ఇంకో కారణం. 2004లో పుణె వైద్యుడు సీఎస్ యాజ్ఞిక్, బ్రిటిష్ శాస్త్రవేత్త జాన్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడిన ఫొటో లాన్సెట్ పత్రికలో వచ్చింది. ఎత్తునుబట్టి బరువును చూసే బీఎంఐ ఇద్దరికీ 22.3. యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం. సన్నగా కనిపించే భారతీయుల్లోనూ కండ తక్కువ, పొట్ట చుట్టూ కొవ్వు ఎక్కువ. కండ తక్కువంటే గ్లైకోజెన్ దాచే చోటు తక్కువ. అందుకే మనవారికి బీఎంఐ 23 దాటితే చాలు, అధిక బరువుగా లెక్కిస్తున్నారు. నడుము కొలత మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటకూడదంటారు. ఈ ఒంటికి అన్నం తగ్గించడం ఎంత అవసరమో, కండ పెంచే వ్యాయామం, తగినంత పప్పు, గుడ్డు, పెరుగు అంతే అవసరం. వట్టి అన్నం మానేసి మాంసకృత్తులు పెంచకపోతే తగ్గిన బరువులో కొంత కండే పోతుంది.

మందులు, జాగ్రత్తలు

పైన చెప్పిన ప్రయాణంలో దాదాపు ప్రతి మజిలీ దగ్గరా పనిచేసే మందులు ఇప్పుడున్నాయి. అకార్బోస్, వోగ్లిబోస్ పేగు గోడ మీది ఎంజైములను అడ్డుకుని పిండి అరగడాన్ని నెమ్మదిస్తాయి. మొదటి ముద్దతో వేసుకోవాల్సిన ఈ మాత్రల వల్ల అరగని పిండి పెద్దపేగులో పులిసి గ్యాస్ పట్టడం సాధారణం. డాపాగ్లిఫ్లోజిన్ వంటివి మూత్రపిండాల దగ్గర గ్లూకోజ్‌ను ఆపకుండా బయటికి పంపేస్తాయి, ఆ నష్టంతో కొద్దిగా బరువూ తగ్గుతుంది. సెమాగ్లుటైడ్, టిర్జెపటైడ్ వంటి ఇంజెక్షన్లు పేగు హార్మోన్లను అనుకరించి ఆకలినే అణచివేస్తాయి. బరువు తగ్గించడంలో ఇప్పటి మందుల్లో వీటిదే పైచేయి, ఆపేస్తే తగ్గిన బరువులో చాలా భాగం తిరిగి రావడం వీటి పరిమితి.

షుగర్ మందులు వాడుతున్నవారు పిండిపదార్థాలు ఒక్కసారిగా మానేయడం ప్రమాదం. ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ వంటివి అదే మోతాదులో కొనసాగితే రక్తంలో చక్కెర 70 కిందికి పడిపోయి చెమటలు, వణుకు, తల తిరగడం, ఒక్కోసారి స్పృహ తప్పడం జరుగుతాయి. డాపాగ్లిఫ్లోజిన్ రకం మందులు వేసుకుంటూ కీటో ఆహారం మొదలుపెడితే రక్తంలో ఆమ్లత్వం పెరిగే కీటోఅసిడోసిస్ ముప్పు ఉంది, పైగా అప్పుడు చక్కెర అంకె మామూలుగానే కనిపించి మోసం చేయవచ్చు. కాబట్టి ఆహారం మార్చే ముందే వైద్యుడితో మాట్లాడి మోతాదు సవరించుకోవాలి.

చక్కెర పడిపోయినప్పుడు అన్నమో ఇడ్లీనో పెడితే అరిగేదాకా ఆగాలి, అంత వ్యవధి ఉండదు. వెంటనే 15 గ్రాముల గ్లూకోజ్ గానీ మూడు టీస్పూన్ల పంచదార గానీ నీళ్లలో కలిపి ఇచ్చి పావుగంట తర్వాత మళ్లీ చూడాలి. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయకూడదు, ఆస్పత్రికి తీసుకెళ్లాలి. ఇన్సులిన్‌తోనో గ్లిమెపిరైడ్‌తోనో పాటు అకార్బోస్, వోగ్లిబోస్ వాడేవారికి పంచదార కూడా సమయానికి పనిచేయదు. దాన్ని విడగొట్టే ఎంజైమునే ఆ మాత్రలు ఆపి ఉంచుతాయి. వారి ఇళ్లలో గ్లూకోజ్ పొడి డబ్బా విడిగా ఉండాలి.